ఎదురింటి పిల్ల ముఖం

ఉక్కునగరం క్వార్టర్లలో పొద్దున్న కుళాయి కట్టేసేలోగా కామేశ్వరి బిందెలు నింపుకునేది. మొగుడు గవర్రాజుని ప్లాంటులో పొద్దుటి షిఫ్టుకి పంపేది. ఆఖర్న హాల్లో అద్దం తుడిచేది. ప్లాంటు దుమ్ము ఏ రోజుది ఆ రోజు తుడవకపోతే పేరుకుపోతుంది. ఆవేళ ఎంత తుడిచినా అద్దంలో ఆమె ముఖం రాలేదు. కళ్ళు వాచిపోయిన ఎదురింటి అలేఖ్య ముఖం ఉంది.

ఆ పిల్ల అద్దాల్లో కనబడటం మానేసిన సంగతి వీధిలో అందరికీ తెలుసు. వాళ్ళమ్మ నాగమణే జడ వేసి బొట్టు పెడుతోంది. ఎవరో చెబితే పూర్ణా మార్కెట్ నుంచి కొత్త అద్దం తెచ్చి చూసింది. అందులోనూ లేదు.

అంతకుముందే ఎవరో ఇంటర్నెట్లో అలేఖ్య పేరుతో ఒక పేజీ తెరిచారు. స్కూలు యానివర్సరీనాటి ఫొటో పెట్టి, దాని కింద పిల్లే రాసుకున్నట్టు బూతులు రాసి, ఇంటి ఫోన్ నంబరు ఇచ్చారు. ఎవరెవరో మగాళ్ళు వేళాపాళా లేకుండా ఫోన్లు చేశారు. వాళ్ళ నాన్న ఫోను వైరు పీకేసి పోలీసు కంప్లైంటు ఇచ్చాడు. పిల్ల స్కూలు మానేసింది.

కామేశ్వరి కొడుకు జయంత్‌దీ అదే క్లాసు. తొమ్మిదో తరగతిలో మార్కులు బాగా వచ్చాయని గవర్రాజు వాడికి కెమెరా ఫోను కొన్నాడు. కింద పడేయకు అన్నాడు, అంతే. కూర్మన్నపాలెం నెట్ సెంటర్లో వాడేం చేస్తున్నాడో ఇద్దరూ ఎప్పుడూ అడగలేదు.

వాణ్ణి పిలిచి అద్దం ముందు నిలబెట్టింది.

"ఈ పిల్ల మనింటికెందుకొచ్చిందిరా?"

జయంత్ చూసి తల దించుకున్నాడు. "సరదాకి సేసేనమ్మా. మా వోళ్ళు నవ్వుతారని."

తీసేద్దామని వెళ్ళేసరికే ఆ ఫొటో వేరేవాళ్ళ పేజీల్లోకి పోయిందట. అక్కణ్ణుంచి తీయడం వాడి చేతిలో లేదు.

గవర్రాజు షిఫ్టు దిగి వచ్చి అంతా విన్నాడు. కొడుకుని కొట్టలేదు. లేచి అద్దాన్ని గోడవైపు తిప్పేశాడు. ఆ నెట్ సెంటర్ కంప్యూటర్ దగ్గర ఊరందరూ కూర్చుంటారని, మనం నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదని, ఉద్యోగం, పరువు అని ఏవేవో చెప్పాడు.

"అద్దం తిప్పేవు. ఎదురింటి పిల్లని ఎటు తిప్పుతావు?" అంది కామేశ్వరి.

అతను వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. ఫర్నేసు దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడితే ప్రాణం పోతుందో రోజూ చెప్పేవాడు అతనే.

"ఇది కేసురా," అన్నాడు చివరికి. "సట్టం ఉందట. నాకూ తెల్దు. తెలుసుకుని నీకు ముందే సెప్పాల్సింది."

సాయంత్రం ముగ్గురూ రోడ్డు దాటారు. అద్దం జయంత్ మోశాడు. నాగమణి తలుపు తీసి, అద్దంలో కూతుర్ని చూసి, పక్కకి జరిగింది. అలేఖ్య తన ముఖాన్ని తనే కొత్తగా చూస్తున్నట్టు చూసింది. జయంత్ తను చేసింది చెప్పాక, వాణ్ణి ఒక్క మాట అడిగింది.

"ఆ ఫొటో ఇంకా ఎవరెవరి దగ్గరుంది?"

"తెల్దు," అన్నాడు వాడు. అప్పుడు ఏడ్చాడు. ఆ పిల్ల ఏడవలేదు.

మర్నాడు గవర్రాజు సెలవు పెట్టి కొడుకుని స్టేషనుకి తీసుకెళ్ళాడు. ఎలా తెలిసిందని ఎస్సై అడిగాడు. మా అద్దంలో అగుపడినాదండి అన్నాడు గవర్రాజు. ఎస్సై అలాగే రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళాడు.

మైనర్ల కేసులు చూసే జువైనల్ బోర్డులో కేసు సాగింది. జయంత్ ఆ ఏడాది పదో తరగతి పరీక్షలు రాయలేదు. బోర్డు వరండాలో బెంచీ మీద కూర్చుని తండ్రి మెల్లగా అడగడం నేర్చుకున్నాడు. ఎవరితో మాట్లాడతావు, ఏం చూస్తావు, నిన్నెవరైనా భయపెట్టారా అని. కొడుకు మొదట పొడిపొడిగా, తర్వాత కాస్త కాస్తగా చెప్పాడు. పోలీసులు పేజీ తీయించారు. ఫొటో మాత్రం ఎక్కడో ఒకచోట తేలుతూనే ఉంది.

నాగమణి కూతుర్ని తీసుకుని రాజమండ్రి పుట్టింటికి బయల్దేరింది. అలేఖ్య మరే అద్దంలోనూ కనబడలేదు కాబట్టి కామేశ్వరి ఆ అద్దం ఇచ్చేసింది. జయంత్ దాన్ని దుప్పట్లో చుట్టి, ఆటోలో సామాన్ల మధ్య సర్దబోయాడు.

అలేఖ్య చేతులు చాపింది. "అక్కడొద్దు, ఇలా ఇవ్వు. ఇది పగిలితే నాకింకోటి లేదు."

వాడు జాగ్రత్తగా ఆ పిల్ల ఒళ్ళో పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.