మేడ మీది గాజుపెట్టె

కూతురు ఆ గాజుపెట్టెను ఇంటి మేడ మీద పెట్టిన రోజునుంచి తల్లికి ముద్ద దిగడం లేదు. పెట్టెలో నీళ్లు, నీళ్లలో ఒక నల్లరేకు, పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండరు. ఎండ తగిలితే చాలు, రేకు మీద బుడబుడమని బుడగలు లేస్తాయి. ఆ బుడగల్లో ఉన్నది మండే వాయువు.

"పొయ్యిలో కాలి గాల్లో కలిసిపోయినదాన్నే ఎండ మళ్లీ పొయ్యికి తెచ్చిస్తుందమ్మా," అంది కూతురు.

"పోయినదాన్ని వెనక్కి పిలవడం మంచిది కాదే."

"నీ ఊహల్లో నేనిప్పటికి ఎన్నిసార్లు చచ్చానో లెక్కుందా?"

నవ్విందేగాని పిల్ల చిక్కి సగమైంది. వెలుగు తప్పితే ఆ రేకు పాడైపోతుంది, ఇక పనికిరాదు. అందుకే పగలు ఎండ, రాత్రి దీపం. వానలు పడేదాకా ఆగకుండా నడిస్తేనే ఈ పరిశోధన చేయించే పెద్దమేడం పని సాగనిస్తుంది, లేదంటే ఏళ్ల చాకిరీ మూలపడ్డట్టే. ఇదంతా కూతురు చెప్పింది. తల్లి చెవికెక్కింది మాత్రం 'మండే' అన్న ఒక్క మాటే.

ఒక మధ్యాహ్నం పిల్లకి ఒళ్లు కాలిపోతోంది. "నేను చూసుకుంటాలే, కాసేపు నడుం వాల్చు," అని తల్లి బతిమాలి కిందకి పంపింది.

"దాన్ని తాకకమ్మా."

"తాకనే తల్లీ, పో."

ఎండ ముదిరింది. బుడగలు ఎక్కువయ్యాయి. గాజు ఎక్కడో చిటుక్కుమంది. సరిగ్గా దాని కిందే కూతురి మంచం. తల్లి తాకలేదు. దండెం మీది దుప్పటి తడిపి, దూరంనుంచే విసిరి కప్పింది. బుడబుడ తగ్గి తగ్గి ఆగింది. పిల్ల గండం గడిచిందనుకుని గోడనీడన చతికిలబడింది.

ఎండ వాలే వేళకి కూతురు పైకొచ్చి దుప్పటి తీసింది. నల్లరేకు ఎర్రమట్టి రంగుకి తిరిగిపోయింది.

"చల్లబడింది కదే. మళ్లీ ఎండలో పెట్టుకో," అంది తల్లి.

కూతురు ఫోను తీసింది. "నాదే పొరపాటు మేడం. నిద్రపోయాను."

"ఇలా ఇయ్యి, నేను చెప్తా," అని తల్లి చెయ్యి చాచింది.

కూతురు అటు తిరిగింది. "అవును మేడం. రేపు పెట్టె అప్పగిస్తాను."

అప్పగించి వచ్చాక ఇంట్లోనే ఉంటోంది. మంట లేదు, గాజు లేదు, ఏ గండమూ లేదు. వేళకింత తిని కిటికీ దగ్గర కూర్చుంటుంది. తల్లి వంటింట్లోంచి మాటిమాటికీ తొంగిచూస్తుంది.

"ఏం చేస్తున్నావే?"

"ఏం లేదమ్మా."