రెండో చెయ్యి

ఆ పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కేటప్పటికి గోవిందమ్మ దగ్గర ఉన్న సరుకు: భుజాన వేసుకునే మలారం తాళ్లకు గుచ్చిన గాజులు నలభై సరాలు, తాడు కొసన చిన్న గుడ్డముడిలో రెండు ఆకుపచ్చ గాజులు. నలభై సరాలు అమ్మడానికి. ఆ రెండూ కాదు.

సరుకును ముందు పైకి అందించి తర్వాత తాను ఎక్కడం ఇరవై ఏళ్ల అలవాటు. రైలుపెట్టెలోంచి ఖాసింబీ చేతులు చాచింది. ఆ రోజు గోవిందమ్మ ఎడమ భుజం లేవలేదు. మలారాన్ని కుడి భుజానికి మార్చుకుని, కోడికైనా రెక్కలెత్తే బలం ఉంటుంది అనుకుంటూ అందించింది.

"ఏమైందక్కా? నాలుగు రోజుల్నించి చూస్తాండా, ఆ భుజం పట్టుకోనే ఉండావు."

"ఏం కాలేదులే. జరుగు."

ఖాసింబీ జరిగింది. గోవిందమ్మ కూర్చుని సరాలు తడిమి లెక్కపెట్టింది. మళ్లీ పెట్టింది. పెనుకొండ వచ్చేలోగా మూడుసార్లు లెక్కపెట్టింది, ఒకసారీ తేడా రాలేదు. తేడా ఉన్నది సరుకులో కాదని ఆమెకు తెలుసు.

ఆమె మొగుడు ధర్మవరంలో మగ్గం నేసేవాడు. అతను పోయిన పదోరోజున వీధి ఆడవాళ్లు ఆమె గాజులు పగలగొట్టారు. చెయ్యి చిక్కిపోవడంతో రెండు గాజులు పగలకుండా జారి వచ్చేశాయి. ఎవరూ చూడకముందే వాటిని కొంగున ముడేసుకుని పుట్టిల్లు హిందూపురం చేరింది. అన్న మలారం కొనిచ్చాడు. మనిషిని చూస్తే చాలు, గోవిందమ్మ మణికట్టు కొలత చెప్పేస్తుంది. సరుకు ఎంచడంలో ఆమెను మోసం చేసిన అంగడి లేదు. అయినా మూడు నెలలు మోసుకెళ్లిన గాజులు మోసుకొచ్చింది. మొగుడు లేని చేతితో గాజులు తొడిగించుకునే ఇల్లాలు ఎక్కడ ఉంటుంది?

నాలుగో నెలలో ఇదే రైల్లో ఖాసింబీ కలిసింది. జట్కా తోలే చాంద్ భార్య. పెట్టుబడి లేదు గాని, ఆమె చేతిలో గాజు నీళ్లలా జారేది. ఒకరి కన్ను, ఇంకొకరి చెయ్యి. లాభంలో సగం సగం. ఈ బేరంలో కాగితం లేదు, సాక్షి లేడు. ఒక్క నియమం మాత్రం ఖాసింబీ పెట్టింది: మొదటి చెయ్యి తొడిగాక వాన వచ్చినా రైలు వెళ్లిపోయినా రెండో చెయ్యి నిండేదాకా లేవకూడదు.

అది తొంభై మూడో సంవత్సరం. అంతకుముందు డిసెంబరులో మసీదు కూల్చిన గొడవల తర్వాత పెనుకొండ సంతలో ఒక కమిటీ వెలిసింది. సంత చుట్టూ తాడు కట్టారు. లోపల అమ్మాలంటే అంకె కొట్టిన రేకుబిళ్ళ ఉండాలి. సాయిబులకు బిళ్ళ లేదు. వాళ్లతో పొత్తు ఉన్నవాళ్లకూ లేదు. కాయగూరల మసూద్ రెండు వారాలు తాడు బయట నిలబడి మూడో వారం రావడం మానేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. గోవిందమ్మ కూడా అనలేదు.

కమిటీకి పెద్ద చెన్నప్ప. కిందటి వారం అతను గోవిందమ్మ ఒక్కదాన్నే పిలిపించి చెప్పాడు: "రేకులు కప్పిన అంగడి ఇస్తామమ్మా. మా ఇంటి పిల్ల మంజుల తొడుగుతాది. ఆ సాయిబామెను మానెయ్. మా కూతురు భారతి సీమంతానికి గాజులు నువ్వే తేవాల."

నీడన కూర్చుని అమ్మే అంగడి. మోత ఉండదు. ఈ భుజం నొప్పీ ఉండదు. మానేస్తానని ఆమె చెప్పలేదు, మాననని కూడా చెప్పలేదు. ఎనిమిది రోజులుగా తూకం వేస్తూనే ఉంది. ఖాసింబీకి చెప్పలేదు. సరాలు మూడుసార్లు లెక్కపెట్టింది అందుకే.

సంత దగ్గర నాగేంద్ర అనే కుర్రవాడు తాడు పట్టుకుని నిలబడ్డాడు. చెన్నప్ప పంపిన పదిహేడు అంకె బిళ్ళను మలారానికి కట్టాడు.

"నువ్వు రావచ్చు పెద్దమ్మా. ఆమె ఈడనే."

"నువ్వు పో అక్కా," అంది ఖాసింబీ. "నేనీడ కూచుంటా. ఎండ మంచిగనే ఉండాది."

గోవిందమ్మ తాడు దాటింది. నడుస్తుంటే బిళ్ళ గాజులకు తగిలి చప్పుడు చేసింది. చెన్నప్ప ఇంటిదాకా ఆ చప్పుడు వెంటే వచ్చింది.

వరండాలో పీట మీద భారతి, చుట్టూ పదిహేను మంది ఆడవాళ్లు. కొత్త చీరలో మంజుల సిద్ధంగా ఉంది. గోవిందమ్మ కన్ను ఇలా వేసి, "రెండుంబావు" అని కొలత చెప్పి సరం విప్పి ఇచ్చింది. మంజుల ఎడమ చేతికి మొదటి గాజు ఎక్కించింది. రెండోది బొటనవేలి కణుపు దగ్గర నొక్కేసరికి పటుక్కుమంది. భారతి చేతిమీద చిన్న రక్తపు చుక్క పుట్టింది.

సీమంతంలో గాజు పగిలితే ఏమనుకుంటారో ఆ వరండాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. చెన్నప్ప తల్లి ఉలిగమ్మ లేచి నిలబడింది.

"ఖాసింబీ యాడ?"

"తాడు అవతల, అవ్వా."

"పిల్చుకరాపో."

గోవిందమ్మ మంజులను చూసింది. నాలుగు సంతలు తిరిగితే ఈ పిల్ల నేర్చుకుంటుంది. రేకుల అంగడి తనది అవుతుంది. ఇంకొక సరం విప్పితే చాలు. చెయ్యి సరం దాకా వెళ్లింది. ఎడమ భుజం మళ్లీ పొడిచింది. ఆమె విప్పిన సరాన్ని కట్టేసింది.

"తాడు కట్టింది నీ కొడుకు. దాన్ని తీసే చెయ్యి నాకు ల్యాదు. నా చెయ్యి పనికిరాదని ఇరవై ఏండ్లు చెప్పింది మీరే. పనికొచ్చే చెయ్యిని బైట కూచోబెట్టిందీ మీరే. గాజులు కావాలంటే ఆడికి రాండి."

మలారం ఎత్తుకుని మెట్లు దిగింది. వెనక ఎవరైనా వస్తున్నారా అని చూడలేదు, చూసేంత ధైర్యం లేదు. సగం దూరం వెళ్లాక కాలి మెట్టెల చప్పుడు వినిపించింది. భారతి కడుపు పట్టుకుని నడిచి వస్తోంది. ఆమె వెనక ఉలిగమ్మ, ఆమె వెనక వరండా మొత్తం.

నాగేంద్ర తాడు గట్టిగా పట్టుకున్నాడు. "అక్కా, పెద్దాయన..."

"వంచు తాడు. నేను కడుపుతో దూకాల్నా?"

తాడు వంగింది. భారతి దుమ్ములో ఖాసింబీ ఎదురుగా కూర్చుని ఎడమ చెయ్యి చాచింది. ఖాసింబీ గోవిందమ్మ ముఖంలోకి చూసింది.

"రెండుంబావు," అంది గోవిందమ్మ.

ఇంకో పది గాజులు జారుకుంటూ వెళ్లాయి. ఒక్కటీ పగల్లేదు. కుడి చెయ్యి పట్టుకోబోతుండగా చెన్నప్ప వచ్చాడు.

"ఏం జరుగుతాంది ఈడ? ఆపు. లెయ్ భారతీ."

ఖాసింబీ చేతులు ఆగాయి. భారతి బోడిగా ఉన్న కుడి చెయ్యి తండ్రి ముందు పెట్టింది.

"ఒక చెయ్యి నిండి, ఒక చెయ్యి ఇట్ల పెట్టుకోని సీమంతంలో కూచోమంటావా నాయనా?"

"ఇది నీ కడుపులో ఉన్నప్పుడు," అంది ఉలిగమ్మ కొడుకుతో.

"నా కడుపులో కాదవ్వా, అమ్మ కడుపులో," అంది భారతి. ఆడవాళ్లు నవ్వారు.

"అదేలే. నీ పెండ్లానికి తొడిగింది ఈ చెయ్యే కదరా. అప్పుడేం మైల పడినాం? పక్కకు జరుగు, ఎండకు అడ్డమొస్తాండావు."

చెన్నప్ప ఏదో పని గుర్తొచ్చిన వాడిలా వెళ్లిపోయాడు. కుడి చేతికి పది. తర్వాత ఉలిగమ్మ కూర్చుంది, తర్వాత మంజుల. మధ్యాహ్నం దాటేసరికి ఇరవై ఆరు సరాలు అయిపోయాయి. గోవిందమ్మ బిళ్ళ విప్పి నాగేంద్ర చేతిలో పెట్టింది.

స్టేషన్‌లో బల్ల మీద కూర్చున్నాక రేకుల అంగడి మాట చెప్పింది.

"తెలుసు," అంది ఖాసింబీ. "వారం కిందే చాంద్ చెప్పినాడు."

"మరి ఎందుకొచ్చినావే నాతో?"

"నువ్వేం జేస్తావో చూద్దామని."

గోవిందమ్మ చాలాసేపు నవ్వింది. నవ్వుతూ భుజం పట్టుకుంది.

సాయంత్రం ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుని గోవిందమ్మ ఖాసింబీ భుజం మీద తల వాల్చింది. ధర్మవరం నేతగాళ్ల వీధిలో మిగిలిన పద్నాలుగు సరాలూ అమ్మాలంది. రెండు స్టేషన్లు దాటాక మాట్లాడలేదు.

"లెయ్యక్కా, ధర్మవరం వచ్చింది."

ఇరవై ఏళ్లలో మొదటిసారి సరుకు ముందు దిగలేదు. గోవిందమ్మను నలుగురు మోసి ప్లాట్‌ఫారం మీద పడుకోబెట్టారు. హిందూపురానికి కబురు చెయ్యడానికి ఎవరో వెళ్లారు. ఖాసింబీ పక్కన కూర్చుని, మలారం కొసన గుడ్డముడి విప్పింది. ఆ చేతిని ఆమె ఎప్పుడూ పట్టుకోలేదు. వేళ్లు దగ్గరికి కూర్చి, ఆకుపచ్చ గాజు ఒకటి ఎడమ చేతికి జార్చింది. రెండో చెయ్యి నిండితే లేవాలి; రెండోది చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

లెక్క చూస్తే పోయినవి: ఒక రేకుల అంగడి, ఒక గాజు, ఒక మనిషి. వచ్చినవి: భారతికి ఆడపిల్ల. తర్వాతి సంతలో పెనుకొండ ఆడవాళ్లు తాడు బయటే బేరమాడారు. మసూద్ మళ్లీ వచ్చాడు. ఆరో సంతకు తాడు కట్టడానికి ఎవరూ రాలేదు.

ఖాసింబీ ఇప్పుడు ఒక్కతే తిరుగుతుంది. కొలత తెలియనప్పుడు రెండు మూడు గాజులు పెట్టి చూస్తుంది. ఎంతమంది అడిగినా ఇవ్వని గాజు ఒకటి మలారం కొసన వేలాడుతుంటుంది: ఆకుపచ్చది, రెండుంబావు, జత లేనిది.