గంజి తాగిన టీకుండ

షుగరు వచ్చిందని డాక్టరు చెప్పినప్పుడు దివాకర్ పెద్దగా బాధపడలేదు. ఫ్రీమాంట్‌లో యాభై దాటిన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే స్వీటు పళ్ళెం ముట్టుకునేవాడు ఒక్కడుంటాడు, వాడు కూడా పరీక్ష చేయించుకోనివాడే. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. కడుపులో మంట ఉంది కాబట్టి పాలు కూడా మానెయ్యమన్నాడు డాక్టరు. పాలూ పంచదారా తీసేస్తే టీలో ఇంక మిగిలేదేముంది?

టీ పోతే పోయింది. టీతో పాటు చంద్రిక కూడా పోయింది.

అంటే ఇల్లు విడిచి పోలేదు. పెళ్ళయిన నాటి నుంచి వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది టీ వేళే. దివాకర్ ఆఫీసు నుంచి రాగానే అల్లం దంచి, యాలకులు వేసి, టీ కాచి, చెరో గ్లాసు పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. అప్పుడే ఎవరింట్లో ఏమయిందో, ఎవరిని ఉద్యోగంలోంచి తీసేశారో, కాలేజీలో ఉన్న కూతురు అదితి ఏమందో, అన్నీ బయటికొచ్చేవి. మిగతా రోజంతా వాళ్ళవి కూర ఉందా, బిల్లు కట్టారా లాంటి మాటలే.

ఇప్పుడు చంద్రిక మొగుడు రాకముందే తన టీ తాను తాగేసి, గిన్నె కడిగి బోర్లిస్తోంది. అతని ఎదుట తాగితే పాపమని ఆమె ఉద్దేశం. దివాకర్ వచ్చేసరికి ఇంట్లో యాలకుల వాసన ఉంటుంది, చంద్రిక మేడ మీద ఫోన్లో చెల్లెలితో ఉంటుంది. అతను టీబ్యాగు నీళ్ళలో ముంచుకుని గోడకేసి చూస్తూ కషాయంలా మింగుతాడు. ఒకసారి చంద్రిక ఎదురుగా కూర్చుంది. "అలా మొహం పెట్టి తాగుతుంటే చూడలేను బాబూ," అని లేచిపోయింది.

ఆఫీసులో ఉదయ్ అనే కుర్రాడున్నాడు, వరంగల్ వాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళకి ఒక జబ్బుంటుంది. ఏ పనైనా మొదలుపెట్టే ముందు దాని మీద లోకంలో ఉన్న వీడియోలన్నీ చూస్తారు. చూశాక పని మొదలుపెట్టరు, ఇంకొకడికి సలహా చెప్పడం మొదలుపెడతారు.

"అన్నా, ఆ టీబ్యాగులు బంద్ చెయ్యే. అది చాయ్ గాదు, కాగితం రసం. చైనావోళ్ళ చాయ్ తాగు. పాలుండయ్, చక్కెరుండదు. గానీ మట్టి కుండ గావాలె. అది లేకుంటే అసలు మజా రాదు. లింక్ పంపిస్త, ఆర్డర్ చెయ్."

"నువ్వు వాడుతున్నావా?"

"నేనింక రిసెర్చ్‌ల ఉన్నన్నా."

పార్సిల్ వచ్చింది. చంద్రికే విప్పింది. జామకాయంత ఎర్రమట్టి కుండ, దానికో ముక్కు, ఒక పిడి, గోరంత బొడిపె ఉన్న మూత. పక్కన రెండు కప్పులు, చిన్న టీఆకు పొట్లం.

"ఏమండీ, ఇది టీ పెట్టుకోడానికా, బొమ్మల కొలువులో పెట్టడానికా?"

"చైనావాళ్ళు అందులోనే తాగుతారు."

"ఈ కప్పులేమిటి, ఉగ్గుగిన్నెల్లా? ఒళ్ళో పడుకోబెట్టుకుని పొయ్యాలా మీకు?"

"ఒకే ఆకు మీద మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసి తాగుతూనే ఉంటారట. ఏడెనిమిది వాయలు వస్తుందట."

"అయితే అది టీ కాదు, దోసెలన్న మాట."

దివాకర్‌కి లోపల పండగలా ఉంది. నెల రోజుల తర్వాత ఆమె వంటింట్లో నిలబడి అతన్ని ఇన్ని మాటలంది. "శనివారం సాయంత్రం పెడతాను. నువ్వూ కూర్చోవాలి," అన్నాడు, కుండ వైపు చూస్తూ.

"చూద్దాం," అంది చంద్రిక. ఆ ఇంట్లో చూద్దాం అంటే సరే అని.

శనివారం సాయంత్రం దివాకర్ బల్ల తుడిచాడు. కెటిల్‌లో నీళ్ళు మరిగించాడు. చంద్రిక చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. అతను ఆకు వేసి, నీళ్ళు పోసి, మూత పెట్టి, ఉదయ్ పంపిన వీడియోలో మనిషి చేసినట్టే కళ్ళు సగం మూసుకుని కప్పుల్లో వంపాడు. కప్పు ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆ మూసిన కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. నువ్వుల నూనె వాసన. దాని వెనకే పులిసిన అన్నం వాసన. పైన నూనె చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

"చంద్రికా, దీన్ని ఏం చేశావు?"

"ఏం చేస్తానండీ? కొత్త మట్టిది కదా, గంజిలో మరిగించాను. నూనె రాసి ఎండబెట్టాను. మళ్ళీ గంజి పోసి రాత్రంతా ఉంచాను. నా చేపల పులుసు చట్టికి చేసినట్టే, ఒక్కటీ తక్కువ చెయ్యలేదు."

ఆమె ఆ మాట గర్వంగానే అంది. నిన్నంతా అతను ఆఫీసులో ఉండగా ఈ జామకాయ చుట్టూ తిరిగింది, శనివారానికి సిద్ధంగా ఉండాలని. ఆ సంగతి తట్టడానికి కొంచెం బుర్ర కావాలి. అది ఆ నిమిషంలో దివాకర్ దగ్గర లేదు.

"నూనా! సబ్బు కూడా తగలకూడదు దానికి! తెలియకపోతే అడగొచ్చుగా?"

"మట్టి సంగతి నాకు తెలీదా? మీకు తెలుసా? పుట్టి బుద్ధెరిగి ఒక చట్టి కడిగారా మీరు?"

చంద్రిక లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది. ఆ వారం ఇంట్లో కూర ఉంది, పెరుగు ఉంది, మాటలు లేవు. యాలకుల వాసన కూడా లేదు. కోపంలో ఆమె తన టీ కూడా మానేసింది. అది చూశాక దివాకర్‌కి భయం పట్టుకుంది.

ఆఫీసు నుంచి వచ్చే దారిలో చైనా కొట్ల వరసలో ఒక టీ దుకాణం ఉంది. కుండని తువ్వాల్లో చుట్టుకుని అక్కడికి వెళ్ళాడు. నడిపేది మిసెస్ హో అనే పెద్దావిడ. కళ్ళజోడు పైనుంచి చూస్తుంది, ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా విసురుతుంది. కుండ మూత తీసి వాసన చూసింది.

"ఇందులో ఏం వండావు?"

"వండలేదు. నా భార్య గంజి కాచింది."

"బియ్యం గంజా?"

"నూనె కూడా రాసింది."

ఆవిడ కౌంటర్ పట్టుకుని నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ వాసన చూసి మళ్ళీ నవ్వింది.

"నవ్వకండి మేడమ్, ఇంట్లో మాటల్లేవు."

"ఎందుకు లేవు? ఆమె తప్పేం చేసింది? మా అమ్మ కొత్త వంటకుండ తెస్తే మొదట బియ్యం జావే కాచేది. మట్టికి సన్నటి రంధ్రాలుంటాయి, అవి పూడితేనే కుండ కారదు. వంటకుండకి అదే పద్ధతి. టీకుండకి ఆ రంధ్రాలు ఖాళీగా ఉండాలి, టీ వాసన అందులో చేరాలి. ఇప్పుడు మీ ఇంటి అన్నం చేరింది."

"బాగుపడుతుందా?"

"నెలల తరబడి ఉడకబెట్టుకో. లేదా ఉప్పు పోసుకో." కుండని తువ్వాల్లో తిరిగి చుట్టి చేతిలో పెట్టింది. "మొదటిసారే మట్టిది కొనమని ఎవరు చెప్పారు?"

"ఆఫీసులో ఒక కుర్రాడు."

"అతను తాగుతాడా?"

"రిసెర్చ్‌లో ఉన్నాడు."

ఆవిడ ఇంకోసారి నవ్వి, అరలోంచి రెండు పింగాణీ గిన్నెలు దించింది. వాటిని గైవాన్ అంటారట. అడుగున సాసరు, మధ్యన గిన్నె, పైన మూత. ముక్కూ లేదు, పిడీ లేదు. మూత కొంచెం జరిపి, ఆ సందులోంచే వంపాలి. వాసన పట్టదు, ఏ ఆకయినా వెయ్యొచ్చు, సబ్బుతో తోముకోవచ్చు. కొత్తవాళ్ళకి ఇదీ, వంపుకోడానికి చిన్న జగ్గూ, రెండు కప్పులూ చాలట. చెక్క ట్రేలు గట్రా వద్దు, అన్నం కంచం పెట్టుకోమంది.

రెండు గిన్నెల్లో ఒకటి తెల్లగా, మొద్దుగా, అంచు బయటికి విచ్చుకుని ఉంది. రెండోది పల్చగా, నిటారుగా, చుట్టూ నీలం తామరపూలతో ఉంది.

"విచ్చుకున్నది తీసుకో. అంచు చల్లగా ఉంటుంది. పూలది వేళ్ళు కాలుస్తుంది."

దివాకర్ విన్నాడు. వింటూనే తామరపూలు చూస్తున్నాడు. మొద్దు గిన్నె బల్ల మీద పెడితే చంద్రిక తిరిగి చూడదు. పూలున్నది పెడితే, టీకి కాకపోయినా, పూలకోసమైనా దగ్గరికొస్తుందేమో.

"పూలదే ఇవ్వండి. నాకు వేడంటే భయం లేదు."

"వేళ్ళు నీవి," అంది మిసెస్ హో. దాంతో పాటు చిన్న జగ్గు ఒకటి ఇచ్చి, ఊలాంగ్ అనే రకం ఆకు కొంచెం పొట్లం కట్టింది.

ఇంటికొచ్చేసరికి చంద్రిక పొయ్యి దగ్గర బెండకాయలు వేయిస్తోంది. దివాకర్ చెప్పుల స్టాండు దగ్గర నిలబడే మొదలుపెట్టాడు.

"దుకాణం ఆవిడ వాళ్ళమ్మ కూడా గంజే కాచేదట."

గరిటె ఆగింది. "ఏ ఆవిడ?"

"టీ అమ్మే చైనా ఆవిడ. నువ్వు చేసింది రైటే అంది. వంటకుండకయితే అదే పద్ధతట. కుండే రైటు కాదంది. కొన్నవాడు అసలే కాదంది."

చివరి ముక్క ఆవిడ అనలేదు, ఇతనే కలిపాడు. గరిటె మళ్ళీ కదిలింది గానీ, బెండకాయలు కలిపే చప్పుడు మెత్తబడింది.

దివాకర్ కంచంలో గిన్నె పెట్టాడు. ఆకు వేశాడు, మరిగే నీళ్ళు పోశాడు. మూత జరిపి బొటనవేలు, మధ్యవేలు అంచుకి ఆనించి ఎత్తాడు.

"అబ్బా!"

గిన్నె తిరిగి సాసరులో పడింది. సగం నీళ్ళు కంచంలోకి, కొన్ని అతని చొక్కా మీదికి. దివాకర్ వేళ్ళు చెవి తమ్మెకి అంటించుకుని వంటింట్లో ఒంటికాలి మీద తిరుగుతున్నాడు. చంద్రిక పొయ్యి ఆపేసి వచ్చింది. నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇటివ్వండి. వేడి గిన్నె పట్టుకోడం చేతకాదు గానీ చైనా టీ కావాలట."

రోజూ పుల్కాలు మంట మీద చేత్తో తిప్పే మనిషి. గిన్నెని పూవు ఎత్తినట్టు ఎత్తింది. "మూత కొంచెం జరుపు. ఇంకొంచెం," అని అతను చెవి పట్టుకునే చెబుతున్నాడు. ఆమె జగ్గులోకి వంపి, కప్పులు అంచుదాకా నింపింది.

"నిండా పొయ్యకూడదట. కొంచెం వెలితి ఉంచాలట."

"మా ఇళ్ళల్లో వెలితిగా పోస్తే వచ్చినవాళ్ళు మళ్ళీ గడప తొక్కరు. తాగండి."

తాగారు.

"ఎలా ఉంది?" అన్నాడు దివాకర్.

"వానకి తడిసిన గడ్డిలా ఉంది." ఇంకో గుక్క తాగింది. "చేదు మాత్రం లేదు."

రెండో వాయ ఆమే పోసింది. పోస్తూ, "అదితి కాలేజీలో మేజర్ సబ్జెక్టు మార్చుకుంది," అంది.

"ఎప్పుడు?"

"పోయిన నెల."

"పోయిన నెలా? నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పనండీ? టీ లేదుగా."

దివాకర్ చెవి మీంచి చెయ్యి తీశాడు. కప్పు ముందుకి జరిపాడు. ఆమె మళ్ళీ నీళ్ళు పోసింది. అదితి సంగతయ్యాక చెల్లెలి సంగతి, చెల్లెలి ఆడపడుచు సంగతి, పక్క వీధిలో ఇల్లు అమ్మేసుకుని టెక్సస్ వెళ్ళిపోతున్నవాళ్ళ సంగతి వచ్చాయి. నెల రోజుల సరుకు. ఆకులో రంగు పోయింది, వట్టి వేణ్ణీళ్ళే వస్తున్నాయి. ఇద్దరూ ఆ మాట అనలేదు.

చివరికి చంద్రిక అతని ఎర్రబడ్డ వేళ్ళు పట్టుకుని చూసింది. "రేపు పోయి వేళ్ళు కాలనిది మార్చుకు రండి. ఇవాళంటే నేనున్నాను. రోజూ ఎవరు పోస్తారు మీకు?"

మార్చనని మిసెస్ హో అననూ లేదు, మారుస్తారా అని ఇతను అడగనూ లేదు.

"నో ఎక్స్చేంజ్ అంట. నో రిఫండ్. వెరీ స్ట్రిక్ట్ పాలసీ."

"అబద్ధం చెప్పాల్సి వస్తేనే మీకు ఇంత ఇంగ్లీషు వస్తుంది," అంది చంద్రిక, కెటిల్ స్విచ్ మళ్ళీ వేస్తూ. "ఆ పాత ఆకు పారబోసి కొత్తది వెయ్యండి. గిన్నె మాత్రం ముట్టుకోకండి."