అన్నదమ్ముల గుంత

శోభ రోజూ పొద్దున్నే మోతె ఊరు దాటి గుట్టల మీదికి వస్తుంది. సర్వే పనిలో కాంట్రాక్టు ఉద్యోగం ఆమెది. ఎప్పుడో రాళ్లు కొట్టి వదిలేసిన పాత గుంతలను కొలిచి, ఒక్కోదానికీ రికార్డులో ఉన్న పేరు సరిచూసుకోవాలి. ఆ పేర్లు ఆమెకు రికార్డు తెరవకుండానే వచ్చు. తండ్రి బీరప్ప నలభై ఏళ్లుగా అక్కడే గొర్లు మేపుతున్నాడు మరి.

పేరు పెట్టి పిలిస్తే ఆ గుంతలు పేరుకు తగ్గట్టు నడుచుకుంటాయి. పాలగుంత గట్టున నిలబడి దాని పేరు పలికితే ఈనిన గొర్రెల పొదుగులు నిండుతాయి. తుమ్ముల గుంతను పిలిచినవాడు సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉంటాడు. ఇక మూడోది అన్నదమ్ముల గుంత. రాళ్లు కొట్టే ఇద్దరు అన్నదమ్ములు ఒక్క బండ కోసం అందులో గడ్డపారలతో పొడుచుకుని చచ్చారట. తోడబుట్టినవాళ్లు కలిసి అందులో దిగితే గొర్లకాపర్లు దాని పేరెత్తరు. 'మూడోది' అని ఊరుకుంటారు.

ఆ మూడోదాన్నే జితేందర్, ధర్మేందర్ లీజుకు తీసుకున్నారు. కోదాడ రోడ్డులో కంకర క్రషర్ నడిపే అన్నదమ్ములు వాళ్లు. గొర్లు ఇటు రావొద్దని బీరప్పకు రెండుసార్లు చెప్పారు. మూడోసారి చెప్పలేదు. జితేందర్ రెక్కలు విరిచి పట్టుకుంటే ధర్మేందర్ ఇనుప రాడ్డుతో మోకాళ్ల మీద కొట్టాడు. టిప్పర్‌ను మంద మీదికి తోలించారు. శోభ వచ్చేసరికి తండ్రి ఎర్రమట్టిలో బోర్లా పడి, పేగులు బయటపడ్డ గొర్రె మెడ నిమురుతున్నాడు.

సూర్యాపేట దవాఖానలో కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు.

"కేసు పెడదాం నాయినా," అంది శోభ.

"ఎవలు జూసిన్రని?" అన్నాడు బీరప్ప. దుప్పటి మీదికి లాక్కుని, "నువ్వు గా గుంత పనికి పోకు బిడ్డా. గాళ్లను సూస్తే నీ మనసు మంచిగుండది," అన్నాడు.

అయినా ఆమె ఆ పనికి పోయింది.

లీజు హద్దులు పెట్టేనాడు గుంత పేరు అక్కడే పైకి చదివి సంతకాలు తీసుకోవాలి. హద్దురాళ్లు పాతేందుకు గడ్డపార, సమ్మెట పట్టుకుని అన్నదమ్ములిద్దరూ గుంతలోకి దిగుతున్నారు. శోభ, టిప్పర్ డ్రైవర్ గట్టు మీద ఉన్నారు.

"ఇద్దరొక్కసారి దిగకుండ్రి. ఒకలు పైననే ఉండుండ్రి," అంది శోభ. చిన్నప్పటి అలవాటు కొద్దీ వచ్చిన మాట అది.

"మీ నాయిన గూడ గిసొంటి కథలే జెప్పిండు," అన్నాడు జితేందర్ కిందినుంచి. "సదువు, జల్ది."

"సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు," అని చదివి శోభ ఆగింది. అక్కడితో కాగితం మడిచేసినా అడిగేవాళ్లు లేరు. దుప్పటి కింద కాలు ఉండాల్సిన చోట చదునుగా ఉన్న మంచం కళ్లముందు మెదిలింది.

"అన్నదమ్ముల గుంత," అని గట్టిగా చదివింది.

ధర్మేందర్ సమ్మెట అందుకున్నాడు. ఏదో చెప్పబోతూ తిరిగిన అన్న దవడ మీద కొట్టాడు. దవడ వేలాడుతుండగానే జితేందర్ గడ్డపార లాగి తమ్ముడి కడుపులో దించాడు. ఇద్దరూ అరవలేదు, తిట్టుకోలేదు. రొప్పు, ఎముక విరిగిన చప్పుడు, అంతే. శోభ జారుతూ కిందికి దిగి ధర్మేందర్ చెయ్యి పట్టుకుంది. "ఇది మూడోది, ఉత్త మూడోది," అంటూనే ఉంది. అతను ఆమెను విదిలించి, సమ్మెటతో అన్న తల పగలగొట్టాడు. తర్వాత తనూ కూలబడ్డాడు. అంబులెన్సు సూర్యాపేట చేరకముందే అతని ప్రాణం పోయింది.

వ్యాపారంలో తగాదా అని పోలీసులు రాసుకున్నారు. ఆ అమ్మాయి వద్దని కూడా చెప్పిందని డ్రైవర్ అన్నాడు. శోభను ఎవరూ ఏమీ అనలేదు.

కానీ గొర్లకాపర్లు దాన్ని 'శోభ సదివిన గుంత' అనడం మొదలుపెట్టారు. అప్పటినుంచి ఆ పేరు ఎత్తితే చాలు, లోపలినుంచి ఆమె గొంతు పలుకుతుంది. ముందు నంబరు, తర్వాత కాస్త ఆగడం, తర్వాత పేరు.

అన్నదమ్ముల తల్లి బాలనర్సమ్మ రోజూ అక్కడికి వస్తోందని విని, ఒక మధ్యాహ్నం శోభ వెళ్లింది. ముసలామె గట్టున కూర్చుని గుంతను పిలిచింది. గుంత చదివింది.

"గీడ ఆగినవ్," అంది బాలనర్సమ్మ. "రోజు ఇంటున్న. మూడు ఊపిర్లంత సేపు. గప్పుడేమనుకున్నవ్?"

అక్షరాలు కనబడలేదని చెప్పొచ్చు. శోభ అట్లా చెప్పలేకపోయింది.

"ఇద్దరు సావాలె అనుకున్న," అంది.

బాలనర్సమ్మ రాయి అందుకుని ఆమె నోటి మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. శోభ చేతులు అడ్డం పెట్టలేదు, ఊడిన పన్ను ఉమ్మేసింది. మూడోసారి లేచిన చెయ్యి మాత్రం కిందికి దిగలేదు.

"నెత్తురంటిన రాడ్డు ఇంటికి తెచ్చిన్రు. కడిగింది నేనే," అంది బాలనర్సమ్మ. "ఎవలిదని అడగలే."

రాయి శోభ చేతిలో పెట్టి కళ్లు మూసుకుంది.

శోభ ఆ రాయిని కింద పెట్టింది. మోకాళ్లు పట్టేసి ముసలామె లేవలేకపోతుంటే రెక్క పట్టి లేపింది. ఇద్దరూ మెల్లగా గుట్ట దిగారు. శోభ గడ్డం మీదుగా కారుతున్న నెత్తురును బాలనర్సమ్మ ఊరొచ్చేదాకా తన కొంగుతో తుడుస్తూనే ఉంది.