వాణికి కామెర్లు

వాణికి కామెర్లని వీధిలో మొదట చెప్పింది ఆమె తల్లి వరలక్ష్మే.

వాణి హిందూపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ లేడీస్ హాస్టల్లో ఉండేది. జూన్‌లో ఆమెతో ఒకే గదిలో ఉన్న సుమలత ప్రాణం తీసుకుంది. వాణి క్లాసు నుంచి వచ్చి తలుపు కొట్టింది, పలక్కపోతే వార్డెన్‌ను పిలుచుకొచ్చింది. తలుపు తీయించాక ముందు లోపలికి పోయిందీ వాణే. ఆ తర్వాత పది రోజులు ఆమెకు కన్ను మూతపడలేదు. ఎక్కడ తలుపు చప్పుడైనా లేచి నిలబడేది.

తండ్రి జయచంద్ర హిందూపురంలోనే మనసు జబ్బుల డాక్టరుకు చూపించి, ధర్మవరంలోని ఇంటికి తీసుకొచ్చాడు. డాక్టరు పూటకొక మాత్ర రాశాడు. "బాగైనట్టు కనపడుతుంది. అప్పుడు కూడా ఆపొద్దు. నన్నడక్కుండా ఒక్క పూట ఆపొద్దు" అని రెండుసార్లు చెప్పాడు.

నేతవాళ్ల వీధిలో మగ్గం గదులు రోడ్డు మీదికే ఉంటాయి. పిల్ల చదువు మధ్యలో ఎందుకొచ్చింది, ఎందుకిట్లా చిక్కింది అని దారిన పోయేవాళ్లంతా అడిగారు. పిచ్చి అన్న మాట ఒకసారి బయట పడితే మళ్లీ ఏరుకోలేమనుకుంది వరలక్ష్మి. కామెర్లంది. కామెర్లు ఎవరికైనా వస్తాయి, పోతాయి.

రెండు నెలలకు వాణికి నిద్ర పట్టసాగింది. ఆగస్టులో ఒక పొద్దున తండ్రి పక్కన కూర్చుని అచ్చు అతికింది. మగ్గం మీదున్న పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలిపే పని అది. వేల పోగులు. మధ్యాహ్నం దాకా లేవలేదు.

ఆ వారమే ఎదురింటి చౌడమ్మ కనగానపల్లి నుంచి సీసాలో పసరు తెచ్చింది.

"రెండు నెల్లయినా కామెర్లు దిగలేదంటే ఏం చూస్తాండారమ్మే మీరు? మా అన్న కొడుక్కి మూడు పొద్దులకే దిగిపాయ."

"డాక్టరు మందు వాడ్తాండాం కదక్కా."

"డాక్టరుకు కామెర్లు యాడ కనపడ్తాయి, మన సంచి కనపడ్తాది గానీ. మూడు దినాలు పరగడుపున మేకపాలల్లో తాపు. ఇరవై ఒక్క దినం ఉప్పూ కారం ముట్టగూడదు. ఇంగ్లీషు మాత్రలు అస్సలు పడవు, పసరు విరిగిపోతాది. మందిచ్చిన ఎర్రప్ప తాత మరీ మరీ చెప్పినాడు."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. వరలక్ష్మి సీసా అందుకుంది. అదొక్కటే కాదు. చెప్పి చెప్పి, పొద్దున్నే కూతురి కళ్లల్లో పసుపు వెతకడం ఆమెకు అలవాటైంది. కామెర్లే అయితే బాగుండుననిపించేది. వాటికి దిగే రోజంటూ ఒకటుంటుంది.

"అమ్మా, మాత్ర?" అని, మర్నాడు పరగడుపున పసరు తాపినప్పుడు వాణి అడిగింది.

"ఇరవై ఒక్క దినమే లే పాపా. డాక్టరుకు ఫోన్ చేసి అడిగినా."

ఆమె ఫోన్ చేయలేదు. మాత్రలు నిలిపిన సంగతి జయచంద్రకూ చెప్పలేదు.

నాలుగో రోజు నుంచి వాణికి మళ్లీ నిద్ర పట్టలేదు. ఆరో రోజు పోగులు చేతిలో పట్టుకుని ఒక్కటీ కలపకుండా పొద్దంతా కూర్చుంది. "పసరు వేడి అది, రెండు దినాల్లో సర్దుకుంటాది" అంది చౌడమ్మ. తొమ్మిదో రోజు పొద్దున పిల్ల ఇంట్లో లేదు. జయచంద్ర స్టేషనూ బస్టాండూ వెతికాడు. పదకొండింటికి వార్డెన్ ఫోన్ చేసింది.

"మీ పాప ఈడికొచ్చిందప్పా. ఆ గదికి తాళమేసినాం, ఎవురూ లేరు. సుమలతా తియ్యే, తియ్యే అని కొడ్తానే ఉండాది. చేతులు వాచిపోయినాయి. బిరీన రాండి."

ఇద్దరూ బయల్దేరారు. పెనుకొండలో బస్సు మారేటప్పుడు జయచంద్ర భార్యను అడిగాడు. "మాత్రలు సరిగ్గా ఏస్తాండావు గదా?"

"ఏస్తాండా."

"మరేంటికిట్లయింది?"

వరలక్ష్మి హిందూపురం బస్సు బోర్డు చూస్తున్నట్టు అటు తిరిగింది.

వార్డెన్ గదిలో వాణి కుర్చీలో కూర్చుని ఉంది. లెమ్మంటే లేచింది. ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు ఆమె చేతులు చూశాడు, పాత చీటీ చూశాడు.

"మాత్రలు ఎన్ని రోజులు తప్పాయి?"

"ఒక్క పూట తప్పలేదు సార్" అన్నాడు జయచంద్ర. "మా ఆడమనిషే ఇస్తాది. పిల్ల చేతికి కూడా ఇయ్యదు."

"వాడుతున్నా ఇంతకొచ్చిందంటే ఇది పనిచేయట్లేదు. మార్చాలి. ఇంకా గట్టి మందు ఇవ్వాలి." ఆయన పెన్ను తీశాడు. రెండు పేర్లు రాశాడు. మూడోది రాస్తున్నాడు.

"రాయొద్దు సార్" అంది వరలక్ష్మి.

డాక్టరు తలెత్తాడు.

"నేనే నిలిపేసినా. తొమ్మిది దినాలాయ. కామెర్లకని పసరు తాపినా."

"కామెర్లు ఎవరికి?"

"ఎవురికీ లేవు సార్."

జయచంద్ర ఆమె వైపు చూశాడు. "బస్సు కాడ అడిగితిని కదమ్మే" అన్నాడు. డాక్టరు రాసిన కాగితం చించి, పాత మాత్రలే మళ్లీ రాశాడు. రక్తపరీక్ష కూడా రాశాడు, పసరులో ఏముందో తెలియదు కాబట్టి. రెండు నెలల్లో వచ్చిన గుణం మళ్లీ రావడానికి ఎంత కాలం పడుతుందని జయచంద్ర అడిగాడు. చెప్పలేనన్నాడు డాక్టరు.

మందుల షాపులో కవరు వరలక్ష్మి అందుకుంది. అప్పుడు వాణి మాట్లాడింది, తల్లితో కాదు.

"నాయనా, మాత్రలు ఆమె కాడ పెట్టొద్దు."

జయచంద్ర చెయ్యి చాపాడు. వరలక్ష్మి కవరు ఇచ్చేసింది. తిరుగు బస్సులో తండ్రీ కూతుళ్లు ఒక సీట్లో కూర్చున్నారు. ఆమె వెనక సీట్లో కూర్చుంది. బస్సు కదిలాక వాణి వాచిన వేళ్లతో మాత్రల రేకు చించింది, దాని మీది పేరు చదువుకుంది, మాత్ర నీళ్లతో మింగింది.