నత్తలు ఎక్కిన కాలు

మా నాన్న కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాడు. కట్టు విప్పేసిన బొటనవేలి పుండు మీద ఒక నత్త తీరుబడిగా పాకుతోంది. పక్కనే తమ్ముడు, చేతిలో మరో పది నత్తలున్న డబ్బాతో.

"మీకేమైనా మతి పోయిందా?" అని అరిచాను.

"నువ్వే కదక్కా ఫోటో పంపావు!"

పంపాను. నా వేళ్లు పడిపోను! నేను పనిచేసే ల్యాబ్‌లో నత్త జిగురు బాక్టీరియాను చంపుతుందేమో చూస్తున్నాం. జిగురు పాడవకుండా స్పిరిట్‌లో కలిపి, కాగితం బిళ్లను అందులో ముంచి, బాక్టీరియా పెంచే ప్లేటులో పెట్టాను. మర్నాటికి బిళ్ల చుట్టూ బాక్టీరియా చచ్చి గుండ్రంగా ఖాళీ. ఆనందం పట్టలేక ఫోటో తీసి, 'నత్త జిగురుకి చచ్చింది, నాన్న పుండులో ఉన్న రకం బాక్టీరియానే' అని రాసి ఇంటి గ్రూపులో పెట్టేశాను.

మా మేడమ్ ఫోటో చూసి ఒకే ప్రశ్న అడిగింది. "ఉత్త స్పిరిట్ బిళ్ల ఏదీ?" నేను పెట్టలేదు. చంపింది జిగురో స్పిరిటో తేలాలంటే అదీ పక్కన పెట్టాలని చదువులో మొదటి ఏడాదే నేర్పుతారు. మళ్లీ చేశాను. ఆ ఫలితం ఈ ఉదయమే తేలింది. ఉత్త స్పిరిట్‌కీ అంతే ఖాళీ వచ్చింది. స్పిరిట్ లేని జిగురు దగ్గర బాక్టీరియా హాయిగా పెరిగింది.

ఆ సంగతి చెప్పడానికే వచ్చి, చెప్పకుండా అరుస్తున్నాను.

"మాత్రలు వేసుకుంటున్నావా నాన్నా?"

"మానేసి తొమ్మిది రోజులైందమ్మా. కడుపులో ఒకటే మంట. నీ మందు చల్లగా ఉంది."

"అది నా మందు కాదు! గోడల మీద మట్టీ మశానం నాకే నత్త!"

వంగి చూశాను. వేలు నల్లబడింది. వాసన. కోపమంతా ఎక్కడికో పోయింది. వెంటనే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టరు పుండు చూసి మండిపడ్డాడు. "మాత్రలు మానెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నాదే బుద్ధి తక్కువ," అన్నాడు నాన్న. క్షవరం చేసే అతని దగ్గర్నుంచి పక్కింటివాళ్ల దాకా 'మా అమ్మాయి కనిపెట్టింది' అని ఆ ఫోటో చూపించుకు తిరిగిన మనిషి, ఇప్పుడు ఫోనున్న జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నేనేనండీ," అన్నాను. "ఆ ఫోటో తప్పు నాన్నా. బాక్టీరియాను చంపింది స్పిరిట్. నత్త కాదు."

డాక్టరు వేలు తీసెయ్యాలన్నాడు. నాన్న తలూపాడు, అంతే. తర్వాత నా వైపు తిరిగాడు.

"పోనీలే. స్పిరిట్ లేకుండా ఇంకోసారి పెట్టి చూడమ్మా."

"పెట్టాను నాన్నా. ఏమీ రాలేదు."

వేలు పోతుందన్నప్పుడు మారని ఆయన మొహం అప్పుడు చిన్నబోయింది.