రోడ్డు మీద పచ్చికొమ్మలు

ఇంతకీ స్టోరు గదికి తాళం వేసిందా లేదా, వేసే ఉంటుంది, తాళంచెవి ఒంటికి చుట్టుకున్న చితెంజె గుడ్డ అంచుకు కట్టిన ముడిలో నడుముకు గుచ్చుకుంటూనే ఉంది కదా, కాని తాళంచెవి తన దగ్గరుండటం వేరు, తాళం పడటం వేరు, ఆ గదిలో పోయేదేముంది గనక, నాలుగు పారలు, గడ్డి కోసే యంత్రం ఒకటి, ఎరుపూ తెలుపూ చారలు పూసిన ఖాళీ డ్రమ్ములు ఆరు, అయినా పోతే మాత్రం టౌను కౌన్సిల్ పనుల విభాగం గుమాస్తా ఫాలెసి పేరే రాస్తారు, అందుకే స్టోరు చిట్టీల పుస్తకాన్ని కూడా సంచిలో వేసుకుని మోస్తుంది, గదిలో వదిలితే కాగితాలన్నీ ఎవరో ఒకరి పొగాకు చుట్టడానికి పోతాయి, అనుకుంటూ ఆమె సైకిల్ తొక్కుతుండగా వెనక హారన్ మోగింది, మోగితే తారు దిగిపోవాలి, అది ఎవరూ నేర్పకుండానే వెన్నుకు తెలిసిన సంగతి, తారు అంచు మెట్టులా విరిగి ఉంది, జానెడు లోతున కంకర, దిగేటప్పుడు హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి, పొద్దున ఒకసారి పట్టుకోలేదు, మోకాలు చెక్కుకుపోయింది, మినీబస్సు ఆమెను రాసుకుంటూ వెళ్ళిపోయింది, కిటికీలోంచి కండక్టర్ చెయ్యి ఊపాడు, పలకరింపో వెక్కిరింపో, అడగడానికి ఓపిక లేదు, మళ్ళీ తారు ఎక్కింది.

కౌన్సిల్ బండి ఉంటే ఈ ఎండలో ఆరు మైళ్ళు తొక్కే పని లేదు, బండిని డైరెక్టర్ మ్సుకు గారు సమావేశానికి తీసుకెళ్ళారు, నడిచేవాళ్ళకూ సైకిళ్ళవాళ్ళకూ రోడ్లు క్షేమంగా ఉండాలని సమావేశం, మూడు రోజులు, మధ్యాహ్నం కోడి, పోయిన ఏడాది దానికి వెళ్ళినవాళ్ళకు టోపీలిచ్చారు, మ్సుకు గారు ఆ టోపీ పెట్టుకునే పొద్దున ఉత్తరం చేతిలో పెట్టారు, బడి దగ్గర రోడ్డు మీద స్థానికులు పెట్టిన అడ్డంకులు తీయించి ఊరిపెద్ద వేలిముద్ర పట్టుకురా అన్నారు, అడ్డంకులంటే ఏమిటి సార్ అంటే, అడ్డంగా ఉన్నవి ఫాలెసీ, నీకు ప్రతిదీ విడమర్చి చెప్పాలా, బస్సులవాళ్ళు ఫిర్యాదు చేశారు, సాయంత్రానికి రోడ్డు శుభ్రంగా ఉండాలి, లేకపోతే ఆ కుర్చీలో కూర్చోవడానికి బయట చాలామంది ఉన్నారు అన్నారు, నవ్వుతూనే అన్నారు, ఆయన నవ్వుతూ అన్న మాటలే నిజమవుతాయి, రాళ్ళు పెట్టారేమో, మట్టి గట్టు పోశారేమో, పోస్తే పోశారు, ఆ బడి ముందు రోడ్డుకు ఎత్తయిన దాటుదారి కావాలని తనే మూడుసార్లు అర్జీ రాసింది, మొదటిసారి ఆ రోడ్డు మనది కాదు, పెద్ద రోడ్ల వాళ్ళది అని వెనక్కొచ్చింది, వాళ్ళకు రాస్తే రోడ్డు మాదే గాని నడిచే మనుషులు కౌన్సిల్ వాళ్ళు అన్నారు, మూడోసారి ఫారం ఇచ్చారు, అందులో ఒక గడి, గత మూడేళ్ళలో మరణాలు, ఆ గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది, తర్వాత లేవు అని రాసింది, నిజం అదే కనక, కమిటీలో ఒకాయన ఆ ఫారం తిప్పి చూసి, ఇంకా ఎవరూ పోలేదు కదమ్మా, ఈ ఏడాదికి ఆగుదాం అన్నాడు, దయగానే అన్నాడు.

అక్కా, మోకాలికి ఏమైంది, అని పక్కన ఎవరో, వైసన్, వాడి కబాజా, అదే కిరాయి సైకిల్, వెనక సీటు మీద ఒక లావుపాటి ఆవిడ పిల్లనెత్తుకుని కూర్చుంది, వాడు కిరాయి తొక్కుతూ కూడా ముచ్చట్లు మానడు, నువ్వు కూడా సైకిలెక్కితే నా బేరం ఏం కావాలక్కా, నీకు బండి ఇవ్వలేదా కౌన్సిల్, ఇవ్వలేదు గాని నీ దారి నువ్వు చూసుకో తమ్ముడూ, వెనక లారీ వస్తోంది, వస్తే రానీ, ఇంకాస్త దూరం పోతే లారీలే మనల్ని చూసి ఆగుతాయి, ముందు కొమ్మలున్నాయి, దిగి నడవాలి, కొమ్మలా, ఎవరు పోయారు, నన్నడుగుతావేం, కొమ్మల పక్కనున్న ఇంట్లోకెళ్ళి అడుగు, అని వాడు నవ్వాపుకున్నట్టు మొహం తిప్పుకున్నాడు, చావింటి ముందు రోడ్డు మీద పరిచే కొమ్మలవి, వాటిని చూస్తే ఎంత పెద్ద బండైనా మెల్లగా పోవాలి, చావు మాట చెబుతూ ఆ నవ్వేమిటి, ఈ కాలం పిల్లలకు దేనికీ భయం లేదు, అయ్యో, ఎవరై ఉంటారు, పోయిన వారమే లైటన్ తాత నిద్రలో పోయాడు, మళ్ళీ అదే ఊళ్ళో ఇంకొకటా.

మలుపు తిరగగానే కొమ్మలు కనిపించాయి, మామిడివి, నీలగిరివి, తారుకు రెండు పక్కలా పరిచి ఉన్నాయి, మధ్యలో ఒక బండి పట్టేంత సందు, ఆమె దిగింది, వైసన్ దిగాడు, లావుపాటి ఆవిడ కూడా పిల్లతో దిగి చితెంజె తల మీదికి లాక్కుంది, చెరుకు లారీ వాళ్ళ వెనకాల నడక వేగానికి వచ్చేసింది, డ్రైవర్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, రేడియో ఆగిపోయింది, అంత పెద్ద లారీ ఊపిరి బిగబట్టినట్టు పాకుతోంది, పొద్దుటి నుంచి మొదటిసారి ఫాలెసి భుజాలు కిందికి దిగాయి, హారన్ కోసం చెవులు వెనక్కి పెట్టుకుని తొక్కుతున్నానని అవి దిగాకే తెలిసింది, అప్పుడే బడి వదిలారు, చిన్న తరగతుల పిల్లలు వరసగా దాటుతున్నారు, ఒక పిల్ల రోడ్డు నడిమధ్య పలక జారవిడుచుకుంది, వంగింది, తీసింది, దుమ్ము గౌనుకు తుడుచుకుంది, రెండో వైపు కూడా తుడుచుకుంది, లారీ ఆగే ఉంది, ఈ బడే తనదీ, అప్పుడు ఇది మట్టిరోడ్డు, ఆరో తరగతిలో ఉండగా తారు వేశారు, ఊరంతా వచ్చి చల్లారిన తారు మీద ఉత్త కాళ్ళతో ఆడారు, మర్నాటి నుంచి అమ్మ తన మెడ మీద చెయ్యి వేసి రోడ్డు పక్కన నిలబెట్టేది, ఆగు, ఆగు, ఇంకొకటి వస్తోంది ఆగు, ఆ చెయ్యి బరువు ఇప్పటికీ మెడ మీద ఉంది, పలక పిల్ల మెడ మీద ఎవరి చెయ్యీ లేదు, అడ్డంకుల సంగతి తర్వాత చూడొచ్చు, ముందు చావింటికి వెళ్ళి రావాలి, ఉత్తచేతులతో ఎలా వెళ్ళడం, క్యారియర్ మీద రాత్రి ఎన్సిమా ముద్ద వండడానికి కొన్న మొక్కజొన్న పిండి ఉంది, ఇల్లు ఒక పూట తినకపోతే ఏం, పిండి మూట తీసుకుని, చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, తల కప్పుకుని, లోపలికి వెళ్ళి చాప మీద కాళ్ళు చాపుకుని తలొంచి కూర్చుంది.

ఏడుపు లేదు, వేరుశెనక్కాయలు వలుస్తున్న చప్పుడు, చావింట్లో వేరుశెనక్కాయలు ఏమిటి అని తల ఎత్తకుండానే చూసింది, ఏడుగురు ఆడవాళ్ళు, మధ్యలో ఎనెలెస్ అవ్వ, లైటన్ తాత భార్య, ఒళ్ళో చేట పెట్టుకుని, అవ్వా, మనసు గట్టి చేసుకో, ఎవరు పోయారు, అని ఫాలెసి మెల్లగా అడిగింది, అవ్వ ఒక కాయ చిదిపి గింజ నోట్లో వేసుకుని, ఇంకా ఎవరూ పోలేదు తల్లీ, అంది, ఆ పిండి నీ దగ్గరే ఉంచుకో, రాత్రికి నీకు కావాలి, మూలన ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఇంకొకావిడ, కౌన్సిల్ పిల్ల గదూ ఇది, కౌన్సిల్‌కు చక్రాలు నాలుగే ఉంటాయనుకున్నాం, రెండు మీద వచ్చిందే, అంది, అందరూ ఒక్కసారి నవ్వారు, ఫాలెసికి తల మీది చితెంజె తీయాలో ఉంచాలో తెలియలేదు, అవ్వ నవ్వకుండా చెప్పింది, మా ఆయన పోయిన మూడు రోజులూ కొమ్మలున్నాయి, ఆ మూడు రోజులూ నేను గుమ్మంలో కూర్చుని ఏడుస్తూ రోడ్డు చూశాను, పిల్లలు నడిచి దాటారు, పరిగెత్తి కాదు, నడిచి, నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి కోసం ఏడుస్తూ కూడా నాకది కనపడింది, ఏం చెయ్యను, నాలుగో రోజు కొమ్మలు తీయడానికి లేచాను, చేతులు రాలేదు, ఎండితే డ్రైవర్లు పట్టించుకోరని రోజూ పొద్దున్నే పచ్చివి మారుస్తున్నాం, అంతే, మేం చేసిన తప్పు అది.

అడ్డంకులు, ఉత్తరం సంచిలోంచి తీస్తే చెమటకు మెత్తబడి ఉంది, ఆ మాట వెనక కొమ్మలు ఉంటాయని మ్సుకు గారికి తెలుసా, తెలిసే ఉంటుంది, ఆయనా ఇక్కడివాడే, కొమ్మలు అని రాయడానికి చెయ్యి రాక అడ్డంకులు అని రాసి ఉంటాడు, ఇంతలో గుమ్మంలో నీడ పడింది, ఊరిపెద్ద, చేతికర్రతో, వచ్చావా అమ్మా, మంచిది, వీళ్ళకు నువ్వైనా చెప్పు, నా మాట వినరు, అవ్వ అంది, నీ మాట విని విని మా చెవులు అరిగాయి పెద్దాయనా, రోడ్డు మాత్రం అరగలేదు, ఆయన గుమ్మం మెట్టు మీద మెల్లగా కూర్చున్నాడు, కోపం లేదు, అలసట ఉంది, నేను పిల్లలకు అడ్డమా ఎనెలెస్, నా మనవలు ఇద్దరూ అక్కడే దాటుతారు, కాని బస్సులవాళ్ళకు అనుమానం వచ్చేసింది, నిన్న ఒకడు ఆపి, ఈ ఊళ్ళో శవం ఇంకా లేవలేదా అని అడిగాడు, రేపు నిజంగా మనలో ఎవరైనా పోయి కొమ్మలు పరిస్తే, వాడు ఆగడు, మన పీనుగ మీదుగా హారన్ కొట్టుకుంటూ పోతాడు, అప్పుడేం చేస్తావు, మనకున్న మర్యాద అదొక్కటే, దాన్ని రోజూ వాడితే ఎన్నాళ్ళు వస్తుంది, కాయలు వలిచే చేతులు ఆగాయి, ఆయన చెప్పిందీ నిజమే, అవ్వ చేసిందీ నిజమే, ఫాలెసికి ఇద్దరి మధ్య తను ఆ తారు అంచులా అనిపించింది, రెండు వైపులా విరిగి, అవ్వ ఆమె వైపు తిరిగింది, సరే తల్లీ, కొమ్మలు తీసేస్తాం, తీశాక కౌన్సిల్ ఏం పెడుతుంది, చెప్పు.

ఏం పెడుతుంది, అర్జీ పెట్టాం అవ్వా అనబోయి గుమ్మంలోంచి రోడ్డు వైపు చూసింది, మామిడి ఆకులు అప్పుడే అంచుల్లో ముడుచుకుంటున్నాయి, ఒక మినీబస్సు వచ్చింది, తగ్గింది గాని పూర్తిగా తగ్గలేదు, కండక్టర్ కొమ్మల్ని చూసి ఏదో అన్నాడు, బస్సులో ఎవరో నవ్వారు, పెద్దాయన చెప్పిన రోజు రేపు కాదు, ఇవాళే మొదలైంది, కౌన్సిల్ పెట్టేది చావు తర్వాతే, ఎవరైనా పోయారని కబురు రాగానే ఏడ్చేవాళ్ళను తీసుకెళ్ళడానికి లారీ పంపుతుంది, డీజిల్ చిట్టీ తనే రాస్తుంది, కారణం, అంత్యక్రియలు, గంటలో సంతకాలైపోతాయి, దానికి ఈ రోడ్డు ఎవరిదని ఎవరూ అడగరు, ఇంకోసారి కూడా అలా అడగలేదు, పోయిన జూలైలో కొత్త మార్కెట్ తెరవడానికి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు, వాళ్ళు కార్లు దిగి నడవాలి కనక బండ్లు మెల్లగా పోవాలని, మ్సుకు గారు ఒక్క ఫోన్ చేశారు, ఫాలెసీ, డ్రమ్ములు పెట్టించు, అంతే, ఇదే పెద్ద రోడ్డు మీద, ఇక్కడికి ఆరు మైళ్ళ అవతల, ఎరుపూ తెలుపూ డ్రమ్ములు ఆరు, ఇటు రెండు అటు రెండు నడుమ రెండు, లారీలు వాటి మధ్య పాములా వంకర్లు తిరుగుతూ పాకాయి, ఫారం లేదు, కమిటీ లేదు, మరణాల గడి లేదు, చిట్టీ ఒకటే, వస్తువు, డ్రమ్ములు ఆరు, కారణం, అతిథుల రాక, ఇచ్చినవారు, ఫాలెసి, తన చేతిరాత, తన సంతకం, సాయంత్రం మళ్ళీ తనే లెక్కచూసి గదిలో పెట్టించి తాళం వేసింది, అప్పటి నుంచి అవి అక్కడే ఉన్నాయి, దుమ్ము పట్టి, తాళంచెవి నడుముకు గుచ్చుకుంటోంది, పొద్దుటి నుంచీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆమె లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది, వైసన్ రోడ్డవతల ఇంకో ముగ్గురు కబాజావాళ్ళతో నీడలో ఉన్నాడు, తమ్ముడూ, ఖాళీ డ్రమ్ము నీ వెనక సీటు మీద కడితే తొక్కగలవా, డ్రమ్మేంటక్కా, పోయిన నెల మంచం, దాని మీద పెళ్ళికొడుకు మేనత్తను కూడా తీసుకెళ్ళాను, ఎన్ని, ఆరు, అయితే ఇంకో ఇద్దర్ని పిలుస్తా, వెనక్కి తిరిగి, పెద్దాయనా, సాయంత్రం డ్రమ్ములు వచ్చాకే కొమ్మలు తీయండి, ఉత్తరంలో తీయించమని ఉంది గాని ముందు ఏమీ పెట్టొద్దని లేదు, వేలిముద్ర అప్పుడే వెయ్యండి, ఆయన అన్నాడు, మరి మీ డైరెక్టర్, ఫాలెసి సంచిలోంచి చిట్టీల పుస్తకం తీసింది, కుర్చీ ఉండొచ్చు పోవచ్చు, ఎల్లుండి ఆయన టోపీతో తిరిగొస్తారు, అడుగుతారు, అప్పుడు చూపించడానికి చిట్టీ ఒకటుండాలి, మళ్ళీ చాప మీద కూర్చుని పుస్తకం మోకాలి మీద పెట్టుకుంది, చెక్కుకుపోయిన చోట కాగితం అంటుకుంది, తేదీ వేసింది, వస్తువు, డ్రమ్ములు ఆరు, స్థలం, బడి ముందు, తీసుకున్నవారు, అని రాసి వైసన్ ఇంటిపేరు తెలియక ఆపింది, అవ్వ చేట పక్కన పెట్టి, చదవడం రాకపోయినా, ఆ గళ్ళను చూస్తోంది, ఇక కారణం అన్న గడి మిగిలింది, ఆఫీసులో ఆ గడి దగ్గర ఎప్పుడూ పెన్ను ఆగేది, ఎవరికి ఏ మాట నచ్చుతుందో అని వెతుక్కునేది, కాని ఇక్కడ మాట ముందే ఉంది, దారిలో కమిటీ ఆయన గొంతులో గుర్తొచ్చింది, ఇందాక అవ్వ నోట విన్నది, అదే మాట, ఒకరికి ఆగడానికి సరిపోయింది, ఒకరికి లేవడానికి సరిపోయింది, ఫాలెసి పెన్ను ఆగలేదు, కారణం, ఇంకా ఎవరూ పోలేదు, అని రాసి కింద సంతకం పెట్టింది.